డోనాల్డ్‌ను ఎరిగిన ఊరు

అమెరికా దక్షిణ భాగాన, మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న పట్టణ మొకటి ఉన్నది. పేరుకు తగినట్లే చుట్టూ అడవి. ఊరికి ప్రధానమైన జీవనాధారం కోళ్ల పరిశ్రమ. ఈ శతాబ్దపు తొలి దశకంలో జాన్ డాన్వన్, కారెన్ జకర్ అనే ఇద్దరు పాత్రికేయులు ఒక మనిషిని వెదుక్కుంటూ ఆ ఊరు చేరుకున్నారు. ఆయనకు అప్పటికే డెబ్బై ఏళ్లు దాటాయి. వైద్యశాస్త్ర చరిత్రలో ఆయన కొక స్థానం ఉన్నది గాని, పూర్తి పేరు లేదు. ‘డోనాల్డ్ టి.’ అని మాత్రమే ఉన్నది. ఆటిజం అని నేడు మనం పిలిచే స్థితిని వర్ణించిన తొలినాటి వైద్యపత్రాలలో ఒకదానిలో మొదటి బాలుడు ఆయనే.

ఊరివాళ్లు వారితో మర్యాదగానే మాట్లాడారు. అడిగినవాటికి జవాబులు చెప్పారు. ఐతే వారిలో ఒకరి కంటె ఎక్కువమంది, వేర్వేరు సందర్భాలలో, చివరకు ఒకే హెచ్చరిక చేశారు: ఈ పని వల్ల డోనాల్డ్‌కు ఏ కష్టమైనా కలిగిందా, మీ రెక్కడున్నదీ మాకు తెలుసు సుమా అని. ఊరంతా ఒక పెద్దమనిషిని అంత జాగ్రత్తగా కాపాడుకోవడం పాత్రికేయు లిద్దరినీ ఆశ్చర్యపరిచింది. ఎందుకంటే ఆ వైద్యపత్రం ప్రకారం, తోటి మనుషులతో హృదయసంబంధం ఏర్పరచుకొనే శక్తి పుట్టుకతోనే కొరవడిన బాలు డతడు.

డోనాల్డ్ ట్రిప్లెట్ 1933 సెప్టెంబరులో పుట్టాడు. తండ్రి బీమన్ ట్రిప్లెట్ న్యాయవాది. తల్లి మేరీ, ఆ ఊళ్లో బ్యాంకు స్థాపించిన కుటుంబానికి చెందిన ఆడపడుచు. ఏడాది నిండేసరికి బిడ్డ పాటల రాగాలను తప్పు లేకుండా కూనిరాగం తీసేవాడు. రెండేళ్లకే బైబిలులోని ఒక కీర్తనను, తమ చర్చి ప్రశ్నోత్తరాలలో పాతికను అప్పగించేవాడు. కాని తల్లి వచ్చినా, తండ్రి వచ్చినా తల ఎత్తేవాడు కాదు. గుండ్రని వస్తువులను నేల మీద గిరగిర తిప్పుతూ, అవి తిరుగుతుంటే ఆనందంతో గంతులు వేసేవాడు. క్రిస్మస్‌కు శాంటా క్లాజ్ వేషంతో మనిషిని రప్పించినా కన్నెత్తి చూడలేదు.

నాలుగేళ్లు నిండకముందే, 1937లో, వైద్యుల సలహా మీద తల్లిదండ్రులు అతడిని ఇంటికి దూరంగా పిల్లల ఆరోగ్యాలయ మొకదానిలో చేర్చారు. నెలకు రెండుసార్లు మాత్రమే చూడనిచ్చేవారు. అక్కడ ఏడాదిపాటు ఉన్న బాలుడు ఇంకా ముడుచుకుపోయాడు. ఇక చాలునని 1938లో తల్లిదండ్రులు అతడిని వెనక్కు తెచ్చుకున్నారు. అక్కడి అధికారి వద్దన్నా వినలేదు. ఆ నిర్ణయమే లేకపోతే ఈ కథ ఇక్కడితో ముగిసి ఉండేది.

తర్వాత తండ్రి చేసిన పని కూడా చెప్పుకోదగినది. బిడ్డ పుట్టింది మొదలు తాము చూసిన ప్రతి విశేషాన్నీ టైపు చేయించి, ముప్పైమూడు పుటల లేఖగా బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి పంపాడు. అక్కడి బాలమానసిక వైద్యుడు లియో కానర్‌కు ఆ లేఖ అందింది. 1938 అక్టోబరులో డోనాల్డ్‌ను ఆయన మొదటిసారి చూశాడు. ఇటువంటి పిల్లలను మరి పదిమందిని పరిశీలించిన తర్వాత, 1943లో కానర్ ఒక పత్రం ప్రకటించాడు. ఎనిమిదిమంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. గ్రీకుభాషలో ‘తాను’ అనే అర్థమిచ్చే పదం నుండి పుట్టిన ‘ఆటిజం’ అన్న మాట మానసిక వైద్యంలో అప్పటికే ఉన్నది. దానిని కానర్ ఈ పిల్లలకు అన్వయించాడు. తమలో తాము లీనమైనవారని భావం.

ఆ పత్రాన్ని ఇప్పుడు చదివితే విచిత్ర మొకటి కనిపిస్తుంది. సంబంధం లేదని చెప్పే పత్రంలోనే, సంబంధానికి సాక్ష్యాలు అడుగడుగునా ఉన్నాయి. డోనాల్డ్‌కు ‘యెస్’ అనే మాట నేర్పడానికి తండ్రి ఒక ఉపాయం పన్నాడు: ఆ మాట అంటే భుజం మీదికి ఎక్కించుకుంటానన్నాడు. బాలుడు అన్నాడు, తండ్రి ఎక్కించుకున్నాడు. అప్పటి నుండి చాలాకాలం వరకు డోనాల్డ్ భాషలో ‘యెస్’ అంటే ‘అవును’ కాదు; ‘నాన్నా, నన్ను భుజానికి ఎత్తుకో’ అని. వైద్యుడు దీనిని భాషాదోషంగా నమోదు చేశాడు. దోషమే కావచ్చు. కాని ఆ మాటలో తండ్రి భుజం మీద గడిపిన క్షణం మొత్తం దాగి ఉన్నదని కూడా చెప్పుకోవాలి కదా!

మరొకసారి, పదిలోంచి నాలుగు తీసివేస్తే ఎంత అని అడిగితే, తాను షడ్భుజి గీస్తానన్నాడు డోనాల్డ్. షడ్భుజికి భుజాలు ఆరు. జవాబు సరియైనదే. కాని ఆ జవాబు దాకా వెళ్లే ఓపిక అడిగినవారికి ఉండాలి.

కానర్‌కు ఆ ఓపిక ఉన్నదని ఒప్పుకోవాలి. ఈ పిల్లలు అసందర్భంగా అంటున్నట్లు తోచే మాటలను గురించి 1946లో ఆయన వేరే పత్రమే వ్రాశాడు. అందులో ఒక పిల్లవాడు వంటపాత్రను చూసినప్పుడల్లా ఒక బాలగేయంలోని మాటలు అనేవాడు. కూపీ తీయగా తెలిసిన దేమిటంటే, అతనికి రెండేళ్ల వయస్సులో తల్లి ఆ గేయం పాడుతూ వంటింట్లో పనిచేస్తుండగా చేతిలోని పాత్ర జారి పడింది. ఆ చప్పుడు, ఆ పాట, ఆ పాత్ర పిల్లవాడి మనస్సులో ఒకటిగా అతుక్కుపోయాయి. తల్లికి తప్ప లోకంలో మరెవరికీ ఆ మాట అర్థం కాదు. మాట అర్థరహితం కాదు. వినేవారికి దాని పుట్టుక తెలియదు, అంతే.

డోనాల్డ్ జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం ఆసుపత్రిలో జరగలేదు. ఒక పొలంలో జరిగింది. 1942లో తల్లిదండ్రులు అతడిని ఊరికి పదిమైళ్ల దూరంలో ఉన్న ఒక రైతు దంపతుల ఇంట ఉంచారు. సామాన్యమైన కౌలురైతులు. మనస్తత్వశాస్త్రం వారికి తెలిసే అవకాశం లేదు. 1945లో కానర్ స్వయంగా ఆ పొలానికి వెళ్లి చూశాడు; చూసి విస్తుపోయాడు. ఆ దంపతుల వివేకాన్ని ఆయన తర్వాత వ్రాసిన పత్రంలో ప్రత్యేకంగా ప్రశంసించాడు.

ఏమి చేశారు వారు? డోనాల్డ్‌కు అప్పట్లో కొలతల పిచ్చి పట్టుకున్నది. కనబడినదాని నల్లా కొలిచేవాడు. మానమని వారనలేదు, బావి త్రవ్వే పని అప్పగించి, ఎంత లోతు దిగిందో కొలిచి చెప్పమన్నారు. చచ్చిపోయిన పక్షులను, పురుగులను ఏరుకొచ్చి పోగుచేసేవాడు. ఛీ అనలేదు, దొడ్లో కొంత జాగా చూపి, అక్కడ వాటిని పూడ్చి, ఒక్కొక్కదానికి గుర్తుపలక పాతమన్నారు. పలక మీద డోనాల్డ్ ప్రతి ప్రాణికీ మూడు భాగాల పేరు వ్రాశాడు. మొదట మనుషుల పేరు, నడుమ అది నత్తయో మరేదో ఆ జాతిపేరు, చివర ఆ రైతు ఇంటిపేరు. పుట్టినతేదీ తెలియదనీ, గిట్టినతేదీ తనకు దొరికిన రోజు అనీ వేశాడు. మొక్కజొన్న చాళ్లను మాటిమాటికి లెక్కపెట్టేవాడు. ఐతే దున్నుతూ లెక్కపెట్టు నాయనా అని నాగలి చేతి కిచ్చారు. కానర్ వెళ్లిన రోజున బాలుడు గుర్రాన్ని పూన్చి ఆరు పొడవైన చాళ్లు దున్ని చూపించాడు. గుర్రాన్ని చివర మలుపు త్రిప్పడంలో అతని నేర్పు వైద్యుని ముగ్ధుణ్ణి చేసింది.

ఆ చిన్న సమాధులను గురించి కాసేపు ఆలోచించవలసి ఉన్నది. అనురాగం తెలియని పిల్లవాడు, నత్తకు తన్ను పెంచుతున్నవారి ఇంటిపేరు ఎందుకు పెట్టాడు? ఎవరి ఇంటిపేరు ఎవరి కిస్తాం? కానర్ ఈ ప్రశ్న వేయలేదు. వివరం మాత్రం వ్రాసి పెట్టాడు. అందుకు ఆయనకు ఋణపడి ఉండాలి.

తర్వాత ఇరవై ముప్పై సంవత్సరాలు ఆటిజం చరిత్రలో చీకటి కాలం. ఈ పిల్లలు ఇలా కావడానికి కారణం ప్రేమలేని తల్లులేనన్న సిద్ధాంతం ప్రబలింది. మొదట కానర్ రాతలలోనే ఆ సూచన ఉన్నది. చికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో గ్రంథమే వ్రాసి దానికి ప్రాచుర్యం తెచ్చాడు. తానే ఆటిజం ఉన్న కుమారుని తండ్రియైన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఆ వాదాన్ని ఖండించాడు. 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి కానర్, మీ దోషం లేదని బాహాటంగా ప్రకటించాడు. ఈలోగా ఎందరు తల్లులు కుమిలిపోయారో లెక్కలేదు. దీనిని గురించి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

డోనాల్డ్ కథకు వద్దాం. పద్నాలుగో ఏట కీళ్లవాతంతో తీవ్రంగా జబ్బుపడి కోలుకున్నాడు. ఊళ్లోని ఉన్నత పాఠశాలలో చేరాడు. తర్వాత మిల్‌శాప్స్ కళాశాలలో ఫ్రెంచి ప్రధానాంశంగా 1958లో పట్టభద్రుడయ్యాడు. అక్కడి గాయకబృందంలో పాడాడు. ఇంటికి తిరిగి వచ్చి తన కుటుంబం స్థాపించిన బ్యాంకులో ఉద్యోగంలో చేరాడు. ఇరవైమూడో ఏట గోల్ఫ్, ఇరవైఏడో ఏట కారు నడపడం నేర్చుకున్నాడు. తల్లిదండ్రుల తర్వాత అదే ఇంట్లో ఒంటరిగా, నిబ్బరంగా బ్రతికాడు. ఒంటరిగానే ఎన్నో దేశాలు తిరిగి వచ్చాడు. వారం దాటకుండా మళ్లీ ఊళ్లో ప్రత్యక్షమయ్యేవాడు.

ఆయన మాటలు ఎప్పుడూ పొడిపొడిగానే ఉండేవి. సంభాషణ మధ్యలో చటుక్కున లేచి వెళ్లిపోయేవారు. కాని తాను ఇష్టపడినవారి కొక సంఖ్య ఇచ్చేవారు. వందల మీద ఉండే ఏదో ఒక సంఖ్య. మళ్లీ ఎన్నేళ్ల కెదురుపడినా ఆ సంఖ్యతోనే వారిని గుర్తించేవారు. ఎవరికి ఏ సంఖ్య ఎందు కిచ్చారో ఎవరికీ తెలియదు. అయినా పుచ్చుకున్నవారు దానిని ఒక గౌరవంగా భావించేవారు, దశాబ్దాల తర్వాత అడిగినా తమ సంఖ్యను తడుముకోకుండా చెప్పేవారు. మరి కొందరిపైకి చర్చిలో రబ్బరుబ్యాండు గురిచూసి వదిలేవారు. అది కూడా స్నేహమే! తగిలినవారికి ఆ సంగతి తెలుసు.

ఆయనను గురించి ఊళ్లో ఒక ఐతిహ్యం ఉన్నది. చదువుకొనే రోజుల్లో, పాఠశాల ముందుగోడలో ఎన్ని ఇటుకలున్నాయో చెప్పమని తోటి కుర్రాళ్లు అడిగారట. డోనాల్డ్ ఒక్కసారి అటు చూసి, రెప్పపాటులో ఒక పెద్ద సంఖ్య చెప్పాడట. ఆ కుర్రాళ్లు దాన్ని నలుగురికీ చెప్పుకున్నారు, ఆ నలుగురు తమ పిల్లలకు చెప్పారు. ఊరు దాటి కూడా ఆ కథ పోయింది. గోడ ముందు నిలబడి ఇటుకలు లెక్కపెట్టి చూసినవారు మాత్రం లేరు.

ఇక శాస్త్రజ్ఞు లేమన్నారో చూద్దాం. 1985లో లండన్‌లో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, యూటా ఫ్రిత్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక బొమ్మలాట ప్రయోగం చేశారు. శాలీ అనే బొమ్మ తన గోళీని బుట్టలో దాచి బయటికి పోతుంది. యాన్ అనే బొమ్మ దానిని తీసి పెట్టెలో పెడుతుంది. శాలీ తిరిగి వచ్చి గోళీకోసం ఎక్కడ వెదుకుతుంది? బుట్టలో అని చెప్పాలి. ఎందుకంటే మార్చిన సంగతి శాలీకి తెలియదు. ఆటిజం ఉన్న ఇరవైమంది పిల్లలలో పదహారుమంది పెట్టెలో అన్నారు. మామూలు పిల్లలలో అత్యధికులు సరిగ్గా చెప్పారు. ఆటిజం ఉన్నవారికి ఎదుటివారి మనస్సును ఊహించడం చేతకాదన్న సిద్ధాంతానికి ఈ ప్రయోగం పునాదిగా నిలిచింది. ఎంతో చక్కని ప్రయోగం, సందేహం లేదు. కాని బొమ్మ మనస్సును గురించిన ప్రశ్నకు జవాబు తప్పినంత మాత్రాన, తల్లి కళ్లలో నీళ్లు తిరిగితే పిల్లవాడి గుండెలో ఏమీ కాదని అర్థమా? ప్రయోగం చెప్పని ఆ మాటను లోకం తానే చేర్చుకున్నది.

2012లో బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ వాదాన్ని తిరగవేశాడు. ఆయనకే ఆటిజం ఉన్నది, ఆయన కుమారునికీ ఉన్నది. ఆయన ప్రశ్న సులభమైనది: ఇద్దరు వ్యక్తులు ఒకరి నొకరు అర్థం చేసుకోలేకపోతే, ఆ లోపం ఒక్కరిదే ఎలా అవుతుంది? ఆటిజం ఉన్నవారికి ఇతరుల మనస్సు అందనట్లే, ఇతరులకు వారి మనస్సు అందడం లేదు. సానుభూతి కొరత రెండు వైపులా ఉన్నదని దీనికి ఆయన ‘ద్విముఖ సానుభూతి సమస్య’ అనదగిన పేరు పెట్టాడు.

ఈ వాదానికి ఊతమిచ్చే ఫలితాలు త్వరలోనే వచ్చాయి. 2017లో అమెరికాలో నోవా శాసన్, ఆయన సహచరులు ఆటిజం ఉన్న వ్యక్తులు మాట్లాడుతున్న దృశ్యాలను కొన్ని క్షణాలపాటు సామాన్యులకు చూపించి వారి అభిప్రాయాలు సేకరించారు. చూసిన కొద్ది క్షణాలలోనే, వీరితో స్నేహం మాకు కుదరదని చాలామంది తేల్చివేశారు. కాని దృశ్యమూ కంఠమూ తీసివేసి, ఆ వ్యక్తులన్న మాటలను మాత్రం కాగితం మీద చదివించినప్పుడు ఆ విముఖత మాయమైంది. అంటే తేడా మాటలో లేదు, మనస్సులో లేదు. చూపులో, స్వరంలో, చేతుల కదలికలో ఉన్నది. మన మందరం ఎదుటివారిని నిజంగా దేనితో తూస్తున్నామో ఈ ఒక్క ప్రయోగం బయటపెట్టింది.

2020లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో కేథరిన్ క్రాంప్టన్ బృందం డెబ్బైరెండుమందితో మరో పరిశీలన జరిపింది. ఒకరికి కథ చెప్పి, ఆ కథను వరుసగా ఎనిమిదిమంది ఒకరి కొకరు అందించుకోవాలి. అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరుసలలోను, అందరూ లేనివారే అయిన వరుసలలోను కథ దాదాపు సమానంగా నిలిచింది. ఇద్దరినీ కలిపి కూర్చిన వరుసలలో మాత్రం వివరాలు త్వరగా జారిపోయాయి. తమవంటి వారితో మాట్లాడినప్పుడు చనువు ఎక్కువగా కుదిరినట్లు కూడా తేలింది. ఐతే క్రాంప్టన్ నాయకత్వంలోనే మూడువందలకు పైగా వ్యక్తులతో జరిగి 2025లో వెలువడిన పెద్ద పరిశీలనలో, కథ అందించడంలో మూడు రకాల వరుసలకూ తేడా కనబడలేదు. మిశ్రమ వరుసలు కూడా వెనుకబడలేదు. కనుక మొదటి ఫలితాన్ని పట్టుకొని, వారి లోకం వేరు మన లోకం వేరు అని గోడ కట్టడం తొందరపాటు అవుతుంది. రెండింటిలోను స్థిరంగా నిలిచిన దొక్కటే: ఆటిజం ఉన్నవారు ఒకరితో ఒకరు చక్కగా మాట్లాడుకోగలరు.

పొలంలోని ఆ దంపతులు చేసిన పనికి దగ్గరగా ఉన్న ప్రయోగం ఇంకొకటి. 2001లో టిఫనీ ఫీల్డ్, జాక్లిన్ నాడెల్ తదితరులు ప్రకటించిన పరిశీలన అది. ఆటిజం ఉన్న పిల్లలు కొందరితో పెద్దవారు మామూలుగా ఆడారు. మరి కొందరి విషయంలో, పిల్లవాడు ఏమి చేస్తే పెద్దవారూ అదే చేశారు. వాడు చక్రం త్రిప్పితే తామూ త్రిప్పారు, వాడు చేతులాడిస్తే తామూ ఆడించారు. మూడోసారి కలిసే సరికి, అనుకరణ పొందిన పిల్లలు ఆ పెద్దవారి పక్కకు వచ్చి కూర్చోవడం, తాకడం హెచ్చింది. మన ఇళ్లలో పసిపిల్లలు ఊ కొడితే అమ్మమ్మలు తిరిగి ఊ కొట్టడం కొత్త కాదు. ఆటిజం ఉన్న పిల్లవాడు అదే పని తనదైన రీతిలో చేసినప్పుడే, తిరిగి పలకడానికి బదులు సరిదిద్దడానికి పూనుకుంటున్నాం.

సికింద్రాబాదులోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 2009లో రూపొందించిన భారతీయ ఆటిజం కొలమానంలో నలభై అంశాలున్నాయి. అందులో సామాజిక సంబంధాలకు, భావస్పందనకు వేర్వేరు విభాగాలు కేటాయించారు. ధ్రువపత్రానికీ, 1999 నాటి జాతీయ న్యాస చట్టం, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద దక్కవలసిన సహాయానికీ ఇటువంటి కొలమానం అవసరమే. దానిని తప్పు పట్టడం అవివేకం. కాని అందులోని నలభై అంశాలూ పిల్లవాడిని కొలిచేవే. చుట్టూ ఉన్నవారి స్పందనను కొలిచే నలభైయొకటో అంశం ఎక్కడా లేదు.

ఫారెస్ట్ కథను అద్భుతగాథగా చెప్పుకోవడంలో ప్రమాదం కూడా ఉన్నది. డోనాల్డ్ సంపన్నుల బిడ్డ, శ్వేతజాతీయుడు, బ్యాంకు ఇంటిది. జాతివివక్ష చట్టమై రాజ్యమేలుతున్న నాటి మిసిసిపిలో, అదే ఊరిలోని నల్లజాతి కుటుంబంలో ఇటువంటి బిడ్డ పుట్టి ఉంటే, ముప్పైమూడు పుటల లేఖ ఏ వైద్యునికి వెళ్లేది? డాన్వన్, జకర్ ఈ సంగతిని దాచలేదు. అయినా డబ్బుతో బ్యాంకులో కుర్చీ వేయించవచ్చు గాని, గోల్ఫ్ మైదానంలోను, చర్చిలోను, వీధిలోను ఒక ఊరు ఊరంతటి చేత అరవై ఏళ్లపాటు పలకరింపజేయడం సాధ్యం కాదు. ఊరివాళ్లు ఆయన అలవాట్లను ఎప్పుడో లెక్కలోంచి తీసివేశారు. బలమైన కారణమేమీ లేదు. చిన్నప్పటి నుండి చూస్తున్నారు, అంతే.

ఈ ఇద్దరు పాత్రికేయులకూ తమ తమ కుటుంబాలలో ఆటిజం ఉన్నవారున్నారు. వారి వ్యాసం 2010లో, పుస్తకం 2016లో వెలువడ్డాయి. డోనాల్డ్ ట్రిప్లెట్ 2023 జూన్‌లో, 89వ ఏట, ఫారెస్ట్‌లోనే ఉంటూ కన్నుమూశారు.

ఆయనను కలిసినప్పుడు వారు ఇటుకల సంగతి కూడా అడిగారు. అంత పెద్ద గోడ, ఒక్క చూపు, ఎలా లెక్కపెట్టగలిగారని. లెక్కపెట్టలేదని డోనాల్డ్ ఒప్పుకున్నారు. ఆ సంఖ్య నోటికి వచ్చినది చెప్పారట. మరి ఎందుకు చెప్పారన్నారు వారు.

ఆ కుర్రాళ్లు తనను గురించి మంచిగా అనుకోవాలని కోరిక కలిగిందని ఆయన చెప్పారు.